నెల్లూరు నుంచి జీఎన్‌ఎం నర్సు: యూకేనా, జర్మనీనా, అమెరికానా? ఏ వీసా పట్టుకోవాలి?

పెన్నా_సిస్టర్ | నెల్లూరు

అందరికీ నమస్కారం. ఇక్కడ పాత పోస్టులు చాలా చదివాను గానీ నా కేసుకి సరిపోయేది దొరకలేదు. అందుకే అడుగుతున్నా.

నాకు 31. జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేశాను. పొగతోటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూలో చేస్తున్నా. జీతం సంగతి వదిలేయండి, ఇక్కడ అందరికీ తెలిసిందే. మా ఆయన విడవలూరు వైపు రొయ్యల హేచరీలో టెక్నీషియన్. పాపకి ఐదేళ్లు.

మూడు కన్సల్టెన్సీలు తిరిగాం. ముగ్గురూ మూడు దేశాలు చెప్పారు. మొదటాయన యూకే కేర్ వర్కర్ వీసా అన్నాడు, తొమ్మిది లక్షలు, మూడు నెలల్లో ఫ్లైటు ఎక్కిస్తానన్నాడు. రెండో చోట జర్మనీ. ఆస్‌బిల్డుంగ్ వీసా మీద వెళ్లి మూడేళ్లు స్టైపెండుతో చదువుకోవాలి, తర్వాత ఉద్యోగం. మూడో మేడం అమెరికా ఈబీ-3 (ఉద్యోగం మీద గ్రీన్ కార్డు ఇచ్చే కేటగిరీ), రెండేళ్లలో ముగ్గురికీ గ్రీన్ కార్డు, ముందు రెండు లక్షలు కట్టమంది.

మా మామగారు కోవూరు దగ్గర అర ఎకరం అమ్ముదామంటున్నారు. అమ్మకముందే తెలిసినవాళ్లని అడుగుదామని రాస్తున్నా. ఏ వీసా మంచిది?

ఉదయగిరి_చందు | బర్మింగ్‌హామ్

అక్కా, ముందు ఆ తొమ్మిది లక్షల ఆయన్ని వదిలేయండి. 2025 జూలై 22 నుంచి బయటి దేశాల వాళ్లని కేర్ వర్కర్లుగా కొత్తగా తీసుకోవడమే ఆపేశారు ఇక్కడ. ఆ వీసా మీద భర్తనీ పిల్లల్నీ తెచ్చుకునే వీలు అంతకుముందే, 2024 మార్చి 11న పోయింది. మూసేసిన తలుపుకి ఆయన టికెట్ అమ్ముతున్నాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కేర్ వర్కర్ అంటే నర్సు కాదు. తలుపు తెరిచి ఉన్న రోజుల్లో కూడా మన వైపు నుంచి వచ్చిన నర్సులు కొంతమంది ఆ వీసా మీద వృద్ధాశ్రమాల్లో ఇరుక్కుపోయారు. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చి నర్సింగ్ కౌన్సిల్ పరీక్షలకి చదవాలంటే ఎవరికి ఓపిక ఉంటుంది? మన ఊళ్లో ఐసీయూ చూసిన అమ్మాయి ఇక్కడ డైపర్లు మారుస్తూ ఉండిపోతుంది. ఆ పని తక్కువని కాదు, మీ చదువుకి అది దారి కాదని.

నర్సుగా రావాలంటే హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా. కేర్ వర్కర్లకి ఇచ్చిందీ ఈ పేరు వీసానే, ఉద్యోగం మాత్రం వేరు, అందుకే ఏజెంట్లు ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడతారు. నర్సులకి ఈ వీసా ఇప్పటికీ ఉంది, భర్త, పిల్లలు కూడా రావచ్చు, భర్త ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. మామూలు వర్క్ వీసాలో పెద్దవాళ్లకి మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు హెల్త్ సర్‌ఛార్జి ఉంటుంది, ఇందులో అది మొత్తం మాఫీ.

ఖర్చు లెక్క నేనే రాస్తా, ఆ తొమ్మిది లక్షల పక్కన పెట్టి చూసుకోండి. ఇక్కడి కౌన్సిల్ ఎన్‌ఎంసీకి అప్లికేషన్ 140 పౌండ్లు. సీబీటీ అనే కంప్యూటర్ పరీక్ష 83. ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష 794. చివర్లో రిజిస్ట్రేషన్ 153. మొత్తం 1,170 పౌండ్లు. ఓస్కీ ఇక్కడికి వచ్చాక రాసేది, చాలా ఆసుపత్రులు ఆ ఫీజు వాళ్లే కడతాయి. దీనికి ఇంగ్లిష్ పరీక్ష ఫీజు, వీసా ఫీజు కలుపుకోండి. నర్సు దగ్గర ఉద్యోగం ఇప్పించినందుకు డబ్బు తీసుకోకూడదని ఇక్కడి ప్రభుత్వ నియమావళిలోనే ఉంది.

పెన్నా_సిస్టర్ | నెల్లూరు

చందు గారూ, చాలా థాంక్స్. జీఎన్‌ఎం డిప్లొమా కదా, యూకేలో ఒప్పుకుంటారా? బీఎస్సీ ఉండాలని ఒకరు అన్నారు.

ఉదయగిరి_చందు | బర్మింగ్‌హామ్

ఒప్పుకుంటారు. మా వార్డులో సగం మంది మలయాళీ సిస్టర్లు జీఎన్‌ఎం వాళ్లే. మన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లైవ్‌లో ఉండాలి, అంతే.

అసలు అడ్డంకి ఇంగ్లిష్. ఐఈఎల్‌టీఎస్ అయితే రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లో 7, రైటింగ్‌లో 6.5. ఓఈటీ, అంటే వైద్య సిబ్బంది కోసం పెట్టిన ఇంగ్లిష్ పరీక్ష అయితే మూడింట్లో బీ గ్రేడు, రైటింగ్‌లో సీ ప్లస్. మనలాంటి వాళ్లకి ఓఈటీ నయం. అందులో రాయమనేది పేషెంట్ రెఫరల్ లెటరే. ఐఈఎల్‌టీఎస్‌లో నగరాల్లో పార్కుల అవసరం గురించి వ్యాసం రాయమంటాడు, ఐసీయూ సిస్టర్‌కి పార్కుల గొడవ ఎందుకు?

ఒకటి మాత్రం దాచను. రెండు మూడేళ్ల కిందట ఉన్నంత నియామకాలు ఇప్పుడు ఇక్కడ లేవు. ఇంటర్నేషనల్ పోస్టులు బాగా తగ్గాయి. పర్మినెంట్ రెసిడెన్సీకి ఇన్నాళ్లూ ఐదేళ్లు, దాన్ని పదేళ్లు చేస్తామని 2025 మేలో ప్రభుత్వం ప్రకటించింది. ఇంగ్లండ్‌లో కొత్త నర్సులకిచ్చే గ్రేడు బ్యాండ్ 5, దాని మొదటి జీతం 2025-26లో ఏడాదికి 31,049 పౌండ్లు. లండన్ బయట ముగ్గురు బతకొచ్చు, మీ ఆయన కూడా పనిచేస్తే.

ఒంగోలు_గిత్త | రియాద్

నేనూ జీఎన్‌ఎం బ్రదర్‌నే అక్కా. అందరూ యూరప్, అమెరికా అంటున్నారు గానీ పొలం అమ్మకుండా వెళ్లే దారి ఒకటుంది, గల్ఫ్. సౌదీకైనా దుబాయ్‌కైనా జర్మన్ నేర్చుకోనక్కర్లేదు, ఐఈఎల్‌టీఎస్ గోల లేదు. డేటాఫ్లో వాళ్లు సర్టిఫికెట్లు వెరిఫై చేస్తారు, అక్కడి లైసెన్సు కోసం ప్రొమెట్రిక్ అనే కంప్యూటర్ పరీక్ష రాయాలి. నాకు ఆసుపత్రి వాళ్లే రూము ఇచ్చారు. జీతంలో ట్యాక్స్ కోత లేదు. ఇంటి మీద అప్పు తీర్చేశా.

మన వాళ్లకి తెలియనిది ఒకటుంది. సౌదీ, కువైట్, యూఏఈ, ఖతార్ లాంటి 18 దేశాలకి నర్సులు వెళ్లాలంటే ఈ-మైగ్రేట్‌లో (కేంద్ర ప్రభుత్వ పోర్టల్) క్లియరెన్స్ తప్పనిసరి. నియామకం జరగాల్సింది ప్రభుత్వం గుర్తించిన ఏజెన్సీల ద్వారానే. 2015లో పెట్టిన రూలు ఇది. కేరళ ప్రభుత్వానికి నోర్కా ఉన్నట్టు మన రాష్ట్ర ప్రభుత్వానికి ఓంక్యాప్ అనే సంస్థ ఉంది. సర్వీసు చార్జీ 30,000, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఎవడైనా విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తానంటే మర్యాదగా టీ ఇచ్చి పంపేయండి.

మైపాడు_కెరటం | నెల్లూరు

అన్నా, పాపని వదిలేసి పోవాల కదా గల్ఫ్‌కి? అది గూడా చెప్పు. మా పిన్ని కువైట్‌లో ఉండి వచ్చే లోపల పిల్లోడు టెన్త్ అయిపోయినాడు.

ఒంగోలు_గిత్త | రియాద్

నిజమే తమ్ముడూ, కాదనను. స్టాఫ్ నర్సు జీతానికి ఫ్యామిలీని తెచ్చుకోవడం కష్టం. పర్మినెంట్ రెసిడెన్సీ అనే మాటే ఉండదు, కాంట్రాక్టు అయిపోతే సూట్‌కేసు సర్దుకోవాల్సిందే. నేను చెప్పేది అప్పులున్నవాళ్లకి. అక్క ఇంటికి అప్పు లేకపోతే వేరే దారి చూసుకోవచ్చు.

కనిగిరి_అనూష | లైప్‌జిగ్

సిస్టర్, జర్మనీ గురించి కాస్త పొడుగ్గా రాస్తా. ఆ ఆస్‌బిల్డుంగ్ మాట విని నాకు ఒళ్లు మండింది.

ఆస్‌బిల్డుంగ్ అంటే ఇంటర్ అయిపోయిన పిల్లలకి. నర్సింగ్‌ని మొదటి పాఠం నుంచి మూడేళ్లు చదివిస్తారు. మీరు ఇప్పటికే నర్సు. మీ చదువుని ఇక్కడ గుర్తింపు చేయించుకోవాలి, దాన్ని అనెర్కెన్నుంగ్ అంటారు. జీఎన్‌ఎం చేసిన మనిషిని మళ్లీ ఫస్టియర్‌లో కూర్చోబెట్టడం ఏజెంటుకి ఎందుకు లాభమంటే, ఆస్‌బిల్డుంగ్ సీట్లు సులువుగా దొరుకుతాయి, కాగితాల పని తక్కువ. నష్టం మీకే. మూడేళ్లు స్టైపెండు మీద బతకాలి, ఆ డబ్బుతో మీ ఆయన్నీ పాపనీ తెచ్చుకోవడం అయ్యే పని కాదు.

అసలు దారి ఇలా ఉంటుంది. మీరు వెళ్లే రాష్ట్రంలోని అధికారులకి సర్టిఫికెట్లు, సిలబస్ గంటలతో సహా పంపాలి. వాళ్లు మీ చదువుని తమ నర్సింగ్ చదువుతో పోల్చి ఏం తక్కువైందో రాసి పంపుతారు. మన వాళ్లందరికీ ఏదో ఒకటి తక్కువ ఉందనే వస్తుంది, బీఎస్సీ అయినా సరే, కంగారు పడక్కర్లేదు. ఆ ఉత్తరం, ఆసుపత్రి ఆఫరు చేతిలో ఉంటే సెక్షన్ 16డి వీసా వస్తుంది. ఇక్కడికి వచ్చి ముందు నర్సింగ్ అసిస్టెంటుగా చేస్తూ ఆ లోటు పూడ్చుకోవాలి. దానికి రెండు దారులు: కొన్ని నెలల అడాప్టేషన్ కోర్సు, లేదా నాలెడ్జ్ టెస్టు. అది గట్టెక్కాక నర్సు లైసెన్సు వస్తుంది. అప్పుడు సెక్షన్ 18ఏ, అంటే పూర్తి స్థాయి నర్సు పర్మిట్. మూడేళ్లు పనిచేసి జర్మన్ భాష బీ1 స్థాయి (ఏ1, ఏ2, బీ1, బీ2 అని పైకి పోతాయి) ఉంటే పర్మినెంట్ రెసిడెన్సీకి అప్లై చేయొచ్చు.

భాష గురించి ఎవరూ నిజం చెప్పరు. లైసెన్సుకి మామూలుగా బీ2 కావాలి. ఏ2తో ఫ్లైటు ఎక్కిస్తామనేవాళ్లు ఉన్నారు, ఎక్కొచ్చు కూడా. కానీ నైట్ డ్యూటీలో డెబ్బై ఎనిమిదేళ్ల సాక్సన్ ముసలాయన పళ్ల సెట్టు తీసేసి, యాస కలిపి, "ఇక్కడ నొక్కుతున్నట్టుంది" అంటే అది ఛాతీయో పొట్టో అర్థం కావాలి కదా! బీ1 చేతిలో పెట్టుకుని వచ్చిన నాకే మొదట్లో ఫోన్ మోగితే భయమేసేది. అక్కడే బీ2 దాకా పూర్తిచేసి రండి. గొయ్‌థే, టెల్క్ అనే రెండు భాషా పరీక్షలూ చెల్లుతాయి. నెల్లూరులో గొయ్‌థే పరీక్ష లేదు, చెన్నై వెళ్లాలి. పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతారు, పరీక్ష పొద్దున్నే ఉంటుంది కాబట్టి ముందు రోజే వెళ్లి ఉండండి.

ఏజెన్సీని ఎంచుకునేటప్పుడు "ఫెయిర్ అన్వెర్బుంగ్ ప్ఫ్లేగె" అనే జర్మన్ ప్రభుత్వ ముద్ర ఉందో లేదో చూడండి. ఆ ముద్ర ఉన్నవాళ్లు నర్సు దగ్గర నియామకం కోసం డబ్బు తీసుకోకూడదు, ఖర్చు ఆసుపత్రి పెట్టుకోవాలి.

పెన్నా_సిస్టర్ | నెల్లూరు

అనూష గారూ, బీ2 దాకా అంటే డ్యూటీ చేస్తూ ఎంత కాలం పడుతుంది? మా ఆయన్ని అక్కడికి ఎప్పుడు తీసుకెళ్లొచ్చు?

కనిగిరి_అనూష | లైప్‌జిగ్

డ్యూటీ మానకుండా అయితే ఏడాది దాటుతుంది, ఇది గట్టిగా చదివితేనే. ఉద్యోగం మానేసి చదవమని మాత్రం నేను చెప్పను. ఐసీయూ అనుభవంలో గ్యాప్ వస్తే తర్వాత ఏ దేశం వాడైనా అడుగుతాడు.

మీ ఆయన సంగతి: 16డి మీద ఉన్నప్పుడు ఫ్యామిలీ వీసా కాగితం మీద కుదురుతుంది, కానీ ముగ్గురికి చాలే జీతం, ఇల్లు చూపించాలి. అసిస్టెంటు జీతానికి అది కష్టం. లైసెన్సు చేతికొచ్చాక సులువు. ఈ మధ్యకాలం విడిగా ఉండటానికి ఇంట్లో అందరూ సిద్ధమేనా అన్నది ముందే మాట్లాడుకోండి. మా కోర్సులో ఒకమ్మాయి పిల్లాడి మీద బెంగతో మధ్యలోనే వెళ్లిపోయింది.

మోడరేటర్

ఒక సభ్యుడు తన కన్సల్టెన్సీ ఫోన్ నంబరు పెట్టాడు, తీసేశాం. ఇక్కడ ప్రచారాలు వద్దు. చర్చ కొనసాగించండి.

విశ్రాంత_ట్యూటర్ | కావలి

అమ్మాయ్, నేను నర్సింగ్ స్కూలులో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మీ పిల్లలందరూ దేశం ఎంచుకోవడం దగ్గర మొదలుపెడతారు. కాగితాలు ఎవ్వరూ చూసుకోరు. నీ కాగితాలు ఎట్లా ఉంటే నీకు అంతవరకే దారి తెరుచుకుంటుంది, వీసా అన్నిటికన్నా చివర వచ్చేది.

మొదటిది పేరు. టెన్త్ మార్కుల మెమోలో నీ పేరుకి ముందు ఒక్క అక్షరం ఇంటిపేరు ఉంటుంది. జీఎన్‌ఎం సర్టిఫికెట్‌లో పూర్తి ఇంటిపేరు రాసి ఉంటుంది. పెళ్లయ్యాక తీసిన పాస్‌పోర్టులో భర్త ఇంటిపేరు. ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు, లక్ష్మికి చివర ఐ ఒకచోట, వై ఒకచోట. మనకి అవన్నీ ఒక్క మనిషే. పరీక్ష కేంద్రంలో కూర్చున్న వాడికి నలుగురు. అమెరికా నర్సు లైసెన్సుకి ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష ఉంది. ఎన్‌క్లెక్స్‌కి అప్లికేషన్‌లో పేరు, చేతిలో గుర్తింపు కార్డు మీద పేరు సరిపోకపోతే లోపలికి పోనివ్వరు, కట్టిన ఫీజూ పోతుంది. అన్నీ బల్ల మీద పరిచి, పాస్‌పోర్టు ఏ పేరుతో ఉందో దాన్నే ఖాయం చేసుకో. మిగతా వాటికి అఫిడవిట్ చేయించు, మ్యారేజ్ సర్టిఫికెట్ జత చెయ్యి.

రెండోది ట్రాన్స్‌క్రిప్ట్. ఇదే చాలామందిని ముంచేది. విదేశాల వాళ్లు మార్కులు చూడరు, గంటలు చూస్తారు. మెడికల్, సర్జికల్, పిల్లలు, ప్రసూతి, మానసిక వైద్యం, ఒక్కోదాంట్లో థియరీ ఎన్ని గంటలు, వార్డులో ఎన్ని గంటలు అని అడుగుతారు. మన జిల్లాల స్కూళ్ల పిల్లల్ని మానసిక వైద్యం పోస్టింగుకి విశాఖ పంపుతారు, అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలకి. పోయి వస్తారు, ఫొటోలు దిగుతారు, ఆ గంటలు మాత్రం రికార్డులోకి ఎక్కవు. తర్వాత అమెరికా వాళ్లు సైకియాట్రీ లేదని తిప్పి పంపితే ఏడుస్తారు. మీ స్కూలు ఇంకా నడుస్తోందా? నడుస్తుంటే ఈ వారమే పోయి ట్రాన్స్‌క్రిప్ట్ అడుగు. చిన్న స్కూళ్లు కొన్ని మూతపడ్డాయి, అక్కడ చదివినవాళ్లు రికార్డుల కోసం ఎవర్ని అడగాలో తెలియక తిరుగుతున్నారు.

మూడోది కౌన్సిల్ వెరిఫికేషన్. అది నీ చేతికి ఇచ్చే కాగితం కాదు, విజయవాడ నుంచి నేరుగా అవతలి దేశానికి పోవాలి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ పెండింగులో ఉంటే ముందు అది తేల్చుకో.

బీఎస్సీ పిల్లలకి ఒక మాట. 2022లో హెల్త్ యూనివర్సిటీ పేరు ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కి మార్చారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ చేశారు. ఆ మధ్యలో పాసైన వాళ్ల మార్కుల లిస్టు మీద ఒక పేరు, డిగ్రీ మీద ఇంకో పేరు ఉండొచ్చు. రెండూ ఒకే యూనివర్సిటీ అని రాసిన ఉత్తరం దగ్గర పెట్టుకోండి. మన రాజకీయాలు కొలరాడోలో కూర్చున్న క్లర్కుకి ఏం తెలుసు?

పొదిలి_పిల్ల | ఒంగోలు

ట్యూటరమ్మా, మీరు చెప్పింది అచ్చం మా బ్యాచ్ సంగతే! నాది బీఎస్సీ, 24 ఏళ్లు, పెళ్లి కాలేదు. నేను ఆస్ట్రేలియా అనుకుంటున్నా. అక్క పోస్టులో దూరినందుకు సారీ.

నెల్లూరు_టు_మెల్‌బోర్న్

చెల్లెమ్మా, నీకు బీఎస్సీ ఉంది కాబట్టి ఇక్కడి దారి నేరుగా ఉంటుంది. జీఎన్‌ఎం మాత్రమే ఉన్నవాళ్లకి ఇక్కడ రిజిస్టర్డ్ నర్సు అవడం కష్టం, పెన్నా సిస్టర్ ఆస్ట్రేలియా ఆలోచిస్తుంటే ముందు జీఎన్‌ఎం తర్వాత చేసే పోస్ట్ బేసిక్ బీఎస్సీ చూసుకోవాలి.

ఎన్‌క్లెక్స్ రాయాలి, తర్వాత ఆస్ట్రేలియా వచ్చి ఓస్కీ. అవి దాటాక రిజిస్ట్రేషన్. ఆ తర్వాతే వీసా. యజమాని స్పాన్సర్ చేస్తే 482, పాయింట్ల మీద అయితే 189, 190. స్టూడెంట్ వీసా మీద ఏదో ఒక కోర్సులో చేరి తర్వాత చూద్దామనే సలహా వినకు, నర్సుకి ఆ అవసరం లేదు.

ఎన్‌క్లెక్స్ పాసైతే అది అమెరికాకీ, కెనడాకీ కూడా పనికొస్తుంది. ఎటు పోవాలో తేల్చుకోని వాళ్లు ఆ ఒక్క పరీక్షతో మొదలుపెట్టడం మేలు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరులో సెంటర్లున్నాయి. ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తున్నందుకు ఇంకో 150.

గూడూరు_మొగుడు | డబ్లిన్

నేను నర్సు కాదు, నర్సు మొగుడిని. అందుకే ఇంకో వైపు చెబుతా. మా ఆవిడది ఐర్లండ్ క్రిటికల్ స్కిల్స్ పర్మిట్. దాని మీద వచ్చిన మనిషి భర్తకి మొదటి రోజు నుంచే పనిచేసే హక్కు ఉంది, వేరే పర్మిట్ అడగరు. నేను వేర్‌హౌస్‌లో మొదలుపెట్టా, ఇప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నా. సిస్టర్ వాళ్లాయన హేచరీలో చేసేవాడు కాబట్టి ఇక్కడ చేపల ఫారాలు కూడా ఉన్నాయని గుర్తుపెట్టుకోండి.

భార్య జీతం మీద ఖాళీగా కూర్చున్న మొగుడు ఆరు నెలల్లో గొడవలకి దిగుతాడు. వీసా ఎంచుకునేటప్పుడు భర్తకి పని హక్కు ఉందా లేదా అన్నది రెండో ప్రశ్నగా పెట్టుకోండి, నవ్వులాటకి అనడం లేదు.

డాలస్_శీనయ్య | టెక్సాస్

అమెరికా సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తాను. నర్సులకి ఇక్కడ మంచి విషయం ఒకటుంది. వాళ్లు షెడ్యూల్ ఏ కింద వస్తారు, అంటే అమెరికా వాడు ఎవడూ దొరకలేదని కంపెనీ విడిగా నిరూపించే లేబర్ సర్టిఫికేషన్ తంతు లేదు. ఆసుపత్రి మీ తరఫున నేరుగా ఐ-140 అనే గ్రీన్ కార్డు దరఖాస్తు వేస్తుంది. మీరు ఎన్‌క్లెక్స్ పాసవ్వాలి, వీసా‌స్క్రీన్ సర్టిఫికెట్, అంటే మీ చదువు, లైసెన్సు సరైనవేనని తేల్చే కాగితం, తెచ్చుకోవాలి. అంతవరకు మేడం చెప్పింది నిజమే.

ఆమె చెప్పనిది క్యూ. ఇండియాలో పుట్టినవాళ్లకి ఈబీ-3 క్యూ 2025 చివర్లో 2013లో అప్లై చేసినవాళ్ల దగ్గరే ఆడుతూ ఉంది. షెడ్యూల్ ఏ అయినా సరే ఆ వరుసలోనే నిలబడాలి. మీరు ఈ రోజు ఐ-140 వేస్తే పాప కాలేజీకి వచ్చే నాటికి పిలుపు రావచ్చు. రెండేళ్లు అనేది ఎవరో ఫిలిప్పీన్స్ నర్సు కథ విని చెప్పిన లెక్క. హెచ్-1బీ అంటారా, దానికి డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగం కావాలి, మామూలు స్టాఫ్ నర్సు పోస్టు అందులో పట్టదు. పైగా 2025 సెప్టెంబరు నుంచి బయటి నుంచి తెచ్చుకునే కొత్త కేసులకి లక్ష డాలర్ల ఫీజు. ఏ ఆసుపత్రి కడుతుంది?

అందుకని రెండు లక్షలు కట్టకండి. అయితే ఒక చిన్న ప్రశ్న. మీ ఆయన ఎక్కడ పుట్టారు?

పెన్నా_సిస్టర్ | నెల్లూరు

శీనయ్య గారూ, భలే అడిగారు. మా మామగారు చాలా ఏళ్లు కువైట్‌లో డ్రైవరుగా చేశారు, అత్తమ్మ కూడా అక్కడే ఉండేది. మా ఆయన అక్కడే పుట్టారట, చిన్నప్పుడే వచ్చేశారు. పాస్‌పోర్టు మాత్రం ఇండియాదే. దానికీ దీనికీ ఏం సంబంధం?

డాలస్_శీనయ్య | టెక్సాస్

చాలా సంబంధం ఉందమ్మా. గ్రీన్ కార్డు క్యూలో పాస్‌పోర్టు చూడరు, పుట్టిన దేశం చూస్తారు. భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుడితే ఇద్దరూ ఆ దేశం లెక్కలో నిలబడొచ్చు, కలిసి వెళ్తే. దాన్ని క్రాస్ చార్జబిలిటీ అంటారు. కువైట్‌కి విడిగా పొడుగు క్యూ లేదు, మిగతా ప్రపంచం వరుసలోకి వస్తుంది. ఆ వరుస 2025 చివర్లో 2023లో అప్లై చేసినవాళ్ల దగ్గర నడిచింది. పన్నెండేళ్ల ఎదురుచూపు ఎక్కడ, మూడేళ్లెక్కడ!

మన నెల్లూరు, కడప జిల్లాల్లో గల్ఫ్‌లో పుట్టిన పిల్లలు ఎంతమంది లేరు! ఏజెంట్లు ఈ మాట అడగనే అడగరు. వాళ్లకి ఫైలు ముఖ్యం, మనిషి కాదు.

ఉదయగిరి_చందు | బర్మింగ్‌హామ్

శీనయ్య అన్నా, ఇది నాకూ కొత్తే. దండం.

అక్కా, మూడేళ్లు ఊరికే కూర్చోవాలా అన్నదొకటి ఉంది. యూకేకి వచ్చేసి ఇక్కడి నుంచి కూడా అమెరికా ఫైలు నడుపుకోవచ్చు, మా దగ్గర అట్లా చేసేవాళ్లున్నారు. ఆఫరు కాంట్రాక్టులో మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలో చదివి సంతకం పెట్టండి.

ఓస్కీ గురించి కూడా రెండు ముక్కలు చెప్పేస్తా. అందులో మందుల స్టేషన్ ఉంటుంది. ట్యాబ్లెట్ చేతిలో పెట్టే ముందు పేషెంటు పేరు, పుట్టిన తేదీ అడిగి, చేతికున్న బ్యాండుతో పోల్చి, అలర్జీ ఉందా అని అడగాలి. మన ఐసీయూల్లో పదో బెడ్ అంటే పదో బెడ్డే, వాళ్ల కొడుకు పేరు కూడా మనకి తెలుసు, అందుకని ఎవరూ అడగరు. ఇక్కడ ఆ అడగడం మర్చిపోతే మిగతాదంతా బంగారంలా చేసినా ఫెయిలే. ఇప్పటి నుంచే మీ వార్డులో అలవాటు చేసుకోండి. మొదట్లో జనం నవ్వుతారు, నవ్వనివ్వండి.

మైపాడు_కెరటం | నెల్లూరు

అక్కా, ఇంతకీ పొలం అమ్మతా ఉండారా లేదా? రేటు చెప్తే నేనే కొంటా 😀

పెన్నా_సిస్టర్ | నెల్లూరు

అమ్మడం లేదు తమ్ముడూ! నిన్న రాత్రి మామగారికి ఈ పోస్టంతా చదివి వినిపించాం. కువైట్ మాట దగ్గర ఆయన మొహం చూడాలి.

మా ఆయనతో కూర్చుని ఇలా అనుకున్నాం. ఈ వారం స్కూలుకి వెళ్లి ట్రాన్స్‌క్రిప్ట్‌కి అప్లికేషన్ పెడతా, సైకియాట్రీ గంటలు రాయించుకుంటా. ట్యూటరమ్మా, నా టెన్త్ మెమోలో నిజంగానే ఒక్క అక్షరమే ఉంది. ఓఈటీకి చదవడం మొదలుపెడతా, యూకేకైనా ఐర్లండ్‌కైనా పనికొస్తుందట. ఎన్‌క్లెక్స్ దాని తర్వాత. జర్మన్ మాత్రం నా వల్ల కాదనిపిస్తోంది, అనూష గారు ఏమీ అనుకోవద్దు, పాపని వదిలి ఉండలేను.

శీనయ్య గారూ, మా ఆయన పాస్‌పోర్టులో పుట్టిన ఊరు కువైట్ అనే ఉంది. బర్త్ సర్టిఫికెట్ అరబిక్‌లో ఉంది, ఒక మూల చిరిగింది. అది చాలా? ఐ-140లోనే ఈ సంగతి రాయాలా?

కనిగిరి_అనూష | లైప్‌జిగ్

ఏమీ అనుకోను సిస్టర్. పాప కాస్త పెద్దదయ్యాక మనసు మారితే రాయండి.

డాలస్_శీనయ్య | టెక్సాస్

పాస్‌పోర్టులో కువైట్ ఉండటం పెద్ద అదృష్టం. చాలామంది పాస్‌పోర్టు తీసేటప్పుడు సులువని సొంతూరు రాయించేస్తారు, తర్వాత దిద్దించుకోలేక నానా తిప్పలు పడతారు. సర్టిఫికెట్ కువైట్ ప్రభుత్వం ఇచ్చినదే అయి ఉండాలి, మన ఊరి పంచాయతీలో రాయించినది పనికిరాదు. చిరిగిన మూలలో నంబరు గానీ ముద్ర గానీ పోయి ఉంటే ఇప్పుడే కొత్త కాపీకి ప్రయత్నించండి, కువైట్‌లో చుట్టాలెవరైనా ఉంటే వాళ్ల చేత అడిగించండి. ఇంగ్లిష్ అనువాదం జత చేయాలి, అనువదించినవాళ్లు సంతకం పెట్టి ధ్రువీకరించాలి.

ఐ-140 మీ పేరు మీదే నడుస్తుంది, అక్కడ ఇది రాయక్కర్లేదు. అది అప్రూవ్ అయ్యాక కేసు నేషనల్ వీసా సెంటర్‌కి పోతుంది. వాళ్లు మీ పుట్టిన దేశం ఇండియా అని చూసి ఫైలు పక్కన పెట్టేస్తారు. అప్పుడు లాయరు చేత భర్త బర్త్ సర్టిఫికెట్, మీ మ్యారేజ్ సర్టిఫికెట్ జతచేసి క్రాస్ చార్జబిలిటీ కోరుతూ ఉత్తరం పెట్టించాలి. మ్యారేజ్ సర్టిఫికెట్ రిజిస్ట్రార్ ఆఫీసుదే కావాలి, కల్యాణ మండపం వాళ్లదో గుడి వాళ్లదో చాలదు. ఇంటర్వ్యూ ముంబైలో, ముగ్గురూ వెళ్లాలి.